అవతార్ మొదటి సీజన్: నాలుగు ఎపిసోడ్ల దగ్గర ఆగిపోయాను, ముందుకెళ్తే నిజంగా బాగుంటుందా?

సగంలో_ఆపేవాడు | శుక్రవారం, రాత్రి 10:40

అందరూ నెత్తిన పెట్టుకునే 'అవతార్: ద లాస్ట్ ఎయిర్‌బెండర్' ఎట్టకేలకు మొదలుపెట్టాను. నీలం మనుషుల సినిమా కాదు, 2005లో నికలోడియన్‌లో మొదలైన యానిమేషన్ సిరీస్. నాలుగు ఎపిసోడ్లు అయ్యాయి. నిజం చెప్పాలంటే నా వల్ల కావట్లేదు.

ఐడియా బాగుంది. నీరు, మట్టి, నిప్పు, గాలి నాలుగింటినీ ఆడించగల ఒకే ఒక్క పిల్లాడు ఆంగ్ వందేళ్లు మంచుగడ్డలో ఉండిపోతాడు, లేచేసరికి లోకమంతా యుద్ధం. ఇంత పెద్ద కథ చేతిలో పెట్టుకుని వాడు పెంగ్విన్ల మీదెక్కి జారుతుంటాడు. వాడితో తిరిగే సొక్కా ఆడపిల్లల మీద చచ్చు జోకులేస్తాడు. ఆంగ్‌ని పట్టుకోవాలని తరిమే నిప్పు దేశపు రాకుమారుడు జూకో అనే కుర్రాడికి పరువు, పరువు అని అరవడం తప్ప వేరే పని లేదు. 3వ ఎపిసోడ్ ఒక్కటి మనసుకి పట్టింది. 4లో మళ్లీ మామూలే.

మొదటి సీజన్ మొత్తం 20 ఎపిసోడ్లని చూశాను. ఎక్కడి నుంచి బాగుంటుంది? మధ్యలోవి వదిలేసి అక్కడికి దూకేయొచ్చా? 4 తర్వాత కథ మాత్రం చెప్పకండి ప్లీజ్.

పాతపెట్టె | శుక్రవారం, రాత్రి 10:52

12. అంతే, ఇంకేం చెప్పను.

దూకడం మాత్రం వద్దు తమ్ముడూ. 11 ఒక్కటి కావాలంటే వదిలెయ్, ఎవరూ ఏమీ అనుకోరు.

ఎదురుగాలి | శుక్రవారం, రాత్రి 11:15

ఈ '12 దాకా ఓపిక పట్టు' అనే సలహా నాకు మొదట్నుంచీ నచ్చదు. ఒక్కో ఎపిసోడ్ దాదాపు 23 నిమిషాలు. 12కి ముందు 11 ఉన్నాయి. అంటే నాలుగు గంటల పైచిలుకు. నాలుగు గంటలు బాగోకపోయినా కూర్చో, తర్వాత బాగుంటుంది అని ఏ సినిమాకైనా అంటామా? ఇంటర్వెల్‌కే లేచి వచ్చేస్తాం.

పైగా అభిమానులంతా మూడు సీజన్లూ, 61 ఎపిసోడ్లూ చూసేశాక వెనక్కి తిరిగి మొదటి సీజన్‌కి మార్కులేస్తారు. ఎలా ముగిసిందో తెలిసినవాడికి మొదలు కూడా ముద్దుగానే ఉంటుంది. కొత్తగా చూసేవాడికి ఆ కళ్లజోడు ఉండదు కదా. సగంలో_ఆపేవాడు గారూ, మీకు నచ్చకపోతే ఆపేయండి. తప్పేం లేదు.

గీతలమేస్త్రి | శనివారం, ఉదయం 7:30

ఎదురుగాలి గారి లెక్క తప్పని అనను. కానీ సినిమాతో పోలిక కుదరదండి. ఇది వారం వారం టీవీలో వచ్చిన కథ. 2005 ఫిబ్రవరిలో మొదలై మొదటి సీజన్ పూర్తయ్యేసరికి డిసెంబర్ వచ్చింది. పిల్లల ఛానల్‌లో ఎవరు ఏ ఎపిసోడ్ దగ్గర టీవీ పెడతారో తెలీదు. అందుకే మొదట్లో ప్రతి ఎపిసోడూ దానికదే పూర్తయ్యేలా ఉంటుంది. ఒక ఊరు, ఒక సమస్య, పరిష్కారం, మళ్లీ ఎగిరే దున్న ఎక్కి ప్రయాణం. వరసపెట్టి ఒకే రాత్రి చూసేవాళ్లకి అదంతా ఒకే మూసలో పోసినట్టు అనిపిస్తుంది.

నేను స్టోరీబోర్డులు గీసి బతికేవాడిని, కాబట్టి ఆ కంటితో చెప్తున్నా. మొదటి ఆరేడు ఎపిసోడ్లలో బొమ్మ బాగానే ఉంటుంది, కానీ నవ్వించే చోట మొహాలు మరీ సాగదీస్తారు, చెమట చుక్కలు, పెద్ద కళ్లు. అది జపాన్ అనిమే నుంచి తెచ్చుకున్న అలవాటు, ఇంకా వీళ్ల సొంతం కాలేదు. సీజన్ ముందుకెళ్లే కొద్దీ ఆ వేషాలు పూర్తిగా పోవు, కానీ ఎక్కడ వాడకూడదో వాళ్లకి తెలిసిపోతుంది. నా దృష్టిలో బాగుపడింది అదే. మాట లేకుండా వదిలేసే చోట్లు పెరుగుతాయి.

కథ సంగతికొస్తే 8 దాకా చూడండి. ఇప్పటిదాకా మీరు చూసింది 'ఉత్తర ధ్రువానికి వెళ్లి నీటి విద్య నేర్చుకుందాం' అనే తీరుబడి ప్రయాణం. 8లో కథకి గడువు పడుతుంది. ఏ గడువో చెప్పను. అక్కణ్ణుంచి దారిలో ఆగిన ప్రతిసారీ 'ఇక్కడ టైమ్ వేస్ట్ చేస్తున్నారే' అని చూసేవాడికే కంగారు పుడుతుంది. అంతకుముందు విసుగనిపించిన అదే ఆగడం, అక్కణ్ణుంచి టెన్షన్ అవుతుంది.

ఇద్దరు_పిల్లల_అమ్మ | శనివారం, ఉదయం 9:05

3వ ఎపిసోడ్ నచ్చిందన్నారు కదా, దాని గురించి ఒక మాట. మా పెద్దది ఎనిమిదేళ్ల పిల్ల. ఆంగ్ తన గురువు అస్థిపంజరాన్ని చూసే సీన్‌లో అది ఏడవలేదు. "అమ్మా, ఆయన చుట్టూ అన్ని హెల్మెట్లు ఎందుకున్నాయి?" అని అడిగింది. అప్పటిదాకా నేను గమనించనే లేదు! పళ్ల కేకులు చేసి తోటి గురువుల బోడిగుండ్ల మీద విసిరి నవ్వుకునే ముసలాయన ఆఖరి గంటలో ఎంతమందితో తలపడ్డాడో ఆ హెల్మెట్లే చెప్తున్నాయి. ఒక్కరూ నోరు విప్పి చెప్పరు. పిల్లల కార్టూన్‌లో ఇంత నమ్మకంగా మౌనంగా ఉండటం నేను ఎక్కువ చూడలేదు.

ఇలాంటివి మొదట్లో ఎపిసోడ్‌కి ఒకటి దొరుకుతుంది, చివర్లో సీన్‌కి ఒకటి. నాకు కనిపించిన తేడా అదే.

నిర్వాహకుడు | శనివారం, ఉదయం 9:20

అందరికీ మనవి. అడిగినాయన ఇంకా చూస్తున్నారు. ఏ ఎపిసోడ్ గురించి రాస్తున్నారో పోస్టు పైన నంబర్ వేయండి, ఆయన చూసిన దాకానే విప్పండి. గతంలో ఇలాంటి చర్చలోనే ఒకాయన మూడో సీజన్ క్లైమాక్స్ మొదటి పేజీలో రాసి వెళ్లిపోయారు. ఇంకా మర్చిపోలేదు.

నిదానం | శనివారం, మధ్యాహ్నం 1:10

(1 నుంచి 4 దాకా మాత్రమే)

నేను కొన్నేళ్లుగా తాయ్ చీ నేర్చుకుంటున్నాను. ఈ సిరీస్ మా క్లాసులో ఒకరు చెబితే చూశాను. ఇందులో నాలుగు విద్యలకీ నాలుగు అసలైన చైనా యుద్ధకళలు ఆధారం. నీటికి తాయ్ చీ, మట్టికి హంగ్ గార్, నిప్పుకి ఉత్తర షావోలిన్, గాలికి బా గువా. సిఫు కీసు అనే మాస్టర్‌ని సలహాదారుగా పెట్టుకుని ఒక్కో కదలికా కూర్చారు.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, మొదటి ఎపిసోడ్‌లో సొక్కా చెల్లెలు కటారా చేపని నీటి బుడగలో పైకి లేపి అన్న నెత్తిన పోస్తుంది చూశారా? అక్కడ ఆమె చేతులు గమనించండి. కొత్తగా క్లాసుకొచ్చినవాళ్లలాగే ఉంటాయి, భుజాలు బిగుసుకుని, ఊపిరి పట్టేసి. సీజన్ చివర్లో ఆమె నిలబడే తీరు చూడండి, నడుం నుంచి కదులుతుంది. ఆమె నేర్చుకుంటోందని డైలాగు చెప్పక్కర్లేదు, ఒళ్లే చెప్తుంది. ఇరవై ఎపిసోడ్ల పాటు ఒక మనిషి చేతకానితనం నుంచి చేతనవడం దాకా చూపించడం తేలిక కాదు. దూకేసి చూస్తే ఆ తేడా దొరకదు.

ఎదురుగాలి | శనివారం, మధ్యాహ్నం 1:45

అంటే తాయ్ చీ వచ్చినవాళ్లకి బాగుంటుందన్నమాట :)

నిదానం | శనివారం, మధ్యాహ్నం 1:50

రాని వాళ్లకి కూడా కనిపిస్తుంది బాబూ, పేరు తెలియదంతే.

సగంలో_ఆపేవాడు | ఆదివారం, రాత్రి 9:15

సరే, మీ పోరు పడలేక 8 దాకా చూశాను.

5లో ముసలి రాజు పరీక్షలు సరదాగా ఉన్నాయి, ఆయన ఎవరో ముందే కనిపెట్టేశాను. 112 ఏళ్ల ముసలాయనకి ఆ కండలేంటో! 6 మాత్రం అనుకోకుండా నచ్చింది. మట్టి విద్య వాళ్లని సముద్రం మధ్యలో ఇనప కట్టడం మీద బంధిస్తారు, మట్టి రేణువు దొరక్కుండా. కటారా బల్ల ఎక్కి ఆవేశంగా ప్రసంగం చేస్తుంది. నేనైతే అందరూ లేచి జైకొడతారని కళ్లు తిప్పుకుంటూ కూర్చున్నా. ఒక్కడూ కదల్లేదు! తలలు దించుకుని అన్నం తింటున్నారు. ఆ క్షణంలో ఈ సిరీస్ మీద మొదటిసారి గౌరవం కలిగింది.

7లో ఆత్మల లోకం గోల కొంచెం అయోమయం. 8లో గడువు అర్థమైంది. వేసవి ముగిసేలోపు తోకచుక్క వస్తుంది, అప్పుడు నిప్పు విద్య వాళ్ల బలం అంతులేకుండా పెరుగుతుంది, ఈలోపు ఆంగ్ నాలుగూ నేర్చేసుకోవాలి. గీతలమేస్త్రి గారన్నట్టు అక్కడ కథకి పగ్గం పడింది.

కానీ జూకో ఇంకా అరుస్తూనే ఉన్నాడు.

ఇద్దరు_పిల్లల_అమ్మ | ఆదివారం, రాత్రి 9:40

(6)

6 చివర కటారా మెడలో గొలుసు పోయింది కదా, అది ఎవరి చేతికి దొరికిందో గుర్తుపెట్టుకోండి. ఇంతకంటే చెప్తే నిర్వాహకుడు గారు కర్ర తీస్తారు.

టీకప్పు | ఆదివారం, రాత్రి 10:02

జూకోని తిట్టండి పర్లేదు, వాడి వెంట ఉండే పెదనాన్న, మా ఐరోని ఏమీ అనకండి. కథంతా తీరుబడిగా టీ తాగే మనిషి ఆయనొక్కడే. గొంతిచ్చిన మాకో గారు 2006లో పోయారు, అంటే రెండో సీజన్ తర్వాత ఆ గొంతు ఇంకొకరు మోయాల్సొచ్చింది. మొదటి సీజన్‌లో ఆయన 'ప్రిన్స్ జూకో' అని పిలిచే తీరు వినండి. తిట్టాల్సిన చోట కూడా ఆ పిలుపులో తిట్టు ఉండదు.

పాతపెట్టె | ఆదివారం, రాత్రి 10:30

జూకో అరుపు గురించి ఇంకో నాలుగు ఎపిసోడ్ల తర్వాత మాట్లాడదాం తమ్ముడూ. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నా.

సగంలో_ఆపేవాడు | మంగళవారం, రాత్రి 11:20

9, 10, 11 అయ్యాయి. 9లో కటారా అసూయ బాగుంది. ఏళ్ల తరబడి ఒంటరిగా కుస్తీ పడి నేర్చుకున్నది వాడు చూసిన నిమిషంలో చేసేస్తే ఒళ్లు మండదా మరి! ఆమెని మంచిపిల్లలా మాత్రమే చూపించి ఉంటే నేను ఇక్కడ ఆపేసేవాణ్ణి. గొలుసు కూడా మళ్లీ కనిపించింది. సరే, గుర్తుపెట్టుకున్నా.

10లో జెట్ అనే కుర్రాడు. మనవైపు వాడే, శత్రువుల మీద పగతో ఆనకట్ట కూల్చి ఊరు ఊరంతా ముంచేద్దామనుకుంటాడు, పిల్లా పాపలతో సహా. ఇప్పటిదాకా నిప్పు దేశం వాళ్లు చెడ్డ, మిగతా అందరూ మంచి అని నడిచిన కథ ఇక్కడ ఒక్కసారి మడత పడింది. సొక్కాకి నా జోహార్లు. నాలుగో ఎపిసోడ్ దాకా తిట్టుకున్నవాణ్ణి, ఇక్కడ వాడొక్కడే సరిగ్గా ఆలోచించాడు.

11 గురించి మాట్లాడను.

ఎదురుగాలి | మంగళవారం, రాత్రి 11:35

(11)

నేను మాట్లాడతా. రెండు తెగలు, వందేళ్ల పగ, ఇద్దరూ ఒకే లోయ దాటాలి. చివర్లో మనవాడు ఒక అబద్ధం చెప్పి కలిపేస్తాడు. ఆ అబద్ధానికి ఫలితం ఏదీ ఉండదు, ఆ తెగల్లో ఎవరికీ తెలియదు, తర్వాత ఎప్పుడూ ప్రస్తావన రాదు. సీజన్ ఎక్కుతూ పోతోందని మీరంతా అంటున్నారు, ఎక్కుతూ పోయే మెట్ల మధ్య ఈ గొయ్యి ఏంటి మరి?

గీతలమేస్త్రి | మంగళవారం, రాత్రి 11:50

(11)

దీన్ని వెనకేసుకు రావడం నా వల్ల కాదు. మూడో సీజన్‌లో ఒక నాటకం ఎపిసోడ్ వస్తుంది, అందులో వాళ్లే ఈ లోయ మీద జోకేసుకుని ఆగకుండా ఎగిరిపోతారు. తీసినవాళ్లకే తెలుసు.

కానీ దీన్నీ, దీని ముందు వచ్చిన 10నీ పక్కపక్కన పెడితే ఒకటి తెలుస్తుంది. రెండూ పిట్టకథలే. దారిలో కలిసిన వాళ్లు, ఒక గొడవ, మళ్లీ ప్రయాణం. 10లో మనవాళ్లు జెట్‌ని నమ్మి తప్పు చేస్తారు, ఆ తప్పు వాళ్లకే తగులుతుంది, కటారా మొహంలో చివరిదాకా కనిపిస్తుంది. 11లో గొడవ ఎవరిదో, తీర్చింది ఎవరో. హరికథ మధ్యలో దాసు పిట్టకథ ఎత్తుకుంటాడు, బాగా చెప్పగలిగినవాడైతే అసలు కథలోని మనిషి గురించి అది మనకి ఇంకొంచెం చెప్పాలి. జెట్ చెప్పాడు, లోయ చెప్పలేదు. మధ్యలో వచ్చే ఎపిసోడ్లన్నిటినీ 'ఫిల్లర్' అని ఒకే గాటన కట్టేస్తే ఈ తేడా పోతుంది.

సగంలో_ఆపేవాడు | బుధవారం, అర్ధరాత్రి 12:50

12 చూశాను. వెంటనే 13 చూశాను. ఇప్పుడు నిద్ర రావట్లేదు కాబట్టి రాస్తున్నా.

పాతపెట్టె అన్నా, ఆ స్క్రీన్‌షాట్ పెట్టెయ్, తిట్టు పడతా.

ఒకే తుఫాను రాత్రి, రెండు చోట్ల రెండు కథలు. గుహలో ఆంగ్ కటారాకి చెప్తుంటాడు, ఓడలో ఐరో సిబ్బందికి చెప్తుంటాడు. ఒకడికి పన్నెండేళ్లకే నువ్వే లోకాన్ని కాపాడాలని చెప్పి, ప్రాణంలా చూసుకునే గురువు నుంచి దూరంగా పంపాలనుకుంటారు. వాడు పారిపోతాడు. ఇంకొకడు పదమూడేళ్లకి యుద్ధ మంత్రాంగంలో కూర్చుని, కొత్త సైనికుల్ని ఎర వేసి చంపిస్తామంటున్న సేనాపతికి ఎదురు చెప్తాడు. శిక్షగా ద్వంద్వ యుద్ధం. తలపడాల్సింది ఆ సేనాపతితో అనుకుని వెళ్తాడు, ఎదురుగా కన్నతండ్రి. మోకాళ్ల మీద పడి క్షమించమంటున్న కొడుకు మొహాన్ని తండ్రి కాలుస్తాడు.

పరువు పరువు అని ఎందుకు అరుస్తున్నాడో ఇప్పుడు తెలిసింది. నాలుగు ఎపిసోడ్లు చూసి నేను వెక్కిరించిన మాట అది.

తర్వాత నాకు ఇంకోటి తట్టింది, మీరెవరైనా ముందే గమనించారేమో. 3వ ఎపిసోడ్‌లో జూకో నిప్పు దేశపు సేనాధికారి జావ్‌తో ఇదే రకం ద్వంద్వ యుద్ధం చేసి పడగొడతాడు. కాల్చే అవకాశం ఉంటుంది. నేల మీదకి కొట్టి వదిలేస్తాడు. అప్పుడు నాకు 'పిల్లల కార్టూన్ కదా, అందుకే కాల్చలేదు' అనిపించింది. కారణం అది కాదన్నమాట! వాడు ఒకప్పుడు అదే చోట నేల మీద ఉన్నాడు.

3 మారలేదు. అప్పుడు చూసిందే. కానీ ఇప్పుడు అది వేరే సీన్.

టీకప్పు | బుధవారం, ఉదయం 6:15

(12)

పొద్దున్నే ఏడిపించారు. తండ్రి చెయ్యి ఎత్తే క్షణంలో ఐరో మొహం తిప్పుకుంటాడు, అది చూడండి ఇంకోసారి.

గీతలమేస్త్రి | బుధవారం, ఉదయం 7:25

(12, 13)

అక్కడ చేసిన పని చూడండి. మంట తగిలే క్షణాన్ని చూపించలేదు. చూస్తున్న జనాన్ని చూపించారు, ఐరో మొహం తిప్పుకోవడం, ఇంకొందరు నవ్వడం, ఆ పైన ఒక అరుపు. పిల్లల ఛానల్ కాబట్టి చూపించకూడదనే నియమం ఉండి ఉంటుంది. ఆ నియమాన్ని అడ్డంకిలా కాక పనిముట్టులా వాడుకున్నారు. నేను కొత్తవాళ్లకి పని నేర్పేటప్పుడు ఈ ముక్క తరచూ చూపిస్తాను.

13 డైరెక్ట్ చేసింది డేవ్ ఫిలోనీ, మొదటి ఎపిసోడ్ డైరెక్టరూ ఆయనే. మీరు విసుక్కున్నదీ, నిద్ర పట్టకుండా చేసిందీ ఒకే మనిషి పని. ఆ నీలి ముసుగు వేసుకున్నవాడు బందీ అయిన ఆంగ్‌ని విడిపించడానికి కోటంతా తిరుగుతాడు, ఒక్క మాట మాట్లాడడు. మొదటి ఎపిసోడ్‌లో ఇలాంటి చోట ఒక జోకు పడేది.

ఇద్దరు_పిల్లల_అమ్మ | బుధవారం, ఉదయం 10:30

(13)

ముసుగు జారి అది జూకో అని తెలిశాక, అడవిలో ఆంగ్ వాడి పక్కన కూర్చుని అడుగుతాడే, వందేళ్ల కిందట నాకు నిప్పు దేశంలో ఒక స్నేహితుడుండేవాడు, మనం అప్పుడు కలిసుంటే స్నేహితులమయ్యేవాళ్లమా అని. జవాబుగా జూకో నిప్పు విసురుతాడు. మా చిన్నది "వీడికి బుద్ధి లేదమ్మా" అంది. పెద్దది మాత్రం "వాడికి అవునని చెప్పాలని ఉంది, అందుకే కోపం" అంది. నేను టీ పెట్టుకోవడానికి లేచి వెళ్లిపోయాను.

ఎదురుగాలి | బుధవారం, సాయంత్రం 6:40

(12, 13 దాకా)

సరే. 12, 13 గొప్పవి, ఒప్పుకుంటున్నా. ఎప్పుడూ కాదనలేదు కూడా. నా వాదన వేరే. వీటిని చూసి 'ఇక్కణ్ణుంచి అంతా ఇంతే' అని ఆశ పెట్టుకోకండి. 14 మళ్లీ నవ్వులాటే. 15లో ఆంగ్ చేసే పని నాకిప్పటికీ మింగుడు పడదు. సీజన్ కొండెక్కినట్టు సాఫీగా ఎక్కదు. ఒక ఎత్తు, ఒక పల్లం. ఎత్తులు పెరుగుతూ పోతాయంతే.

గీతలమేస్త్రి | బుధవారం, సాయంత్రం 7:00

దీంతో పూర్తిగా ఏకీభవిస్తున్నా. ఈ చర్చలో ఇప్పటిదాకా వచ్చిన సరైన మాట ఇదే.

ఎదురుగాలి | బుధవారం, సాయంత్రం 7:04

నిర్వాహకుడు గారూ, ఈ పోస్టుని పైన అతికించండి.

సగంలో_ఆపేవాడు | శనివారం, మధ్యాహ్నం 3:30

17 దాకా వచ్చాను. ఎదురుగాలి గారు చెప్పినట్టే 15లో చిరాకేసింది. స్నేహితులు వదిలిపోతారేమోనని వాళ్ల తండ్రి పంపిన మ్యాపు దాచేస్తాడు ఆంగ్. పన్నెండేళ్ల పిల్లాడు చేసే పనే, కాదనను. కానీ నిజం తెలిసి వాళ్లు వెళ్లిపోవడం, అదే ఎపిసోడ్‌లో తిరిగి రావడం మరీ తొందరగా అయిపోయాయి. గొలుసు వాసన పట్టి వేటాడే ఆ జంతువు మాత్రం భలే ఉంది.

16 మాత్రం నన్ను కుదిపింది. నిప్పు నేర్చుకోవాలన్న తొందర, గురువు ఊపిరి మీద ధ్యాస పెట్టమంటుంటే వీడికి విసుగు, చివరికి ఆట ఆడినట్టు ఆడి కటారా చేతులు కాల్చేస్తాడు. మొదటి ఎపిసోడ్‌లో పెంగ్విన్ల మీద జారిన ఆ అల్లరే ఇది! అప్పుడు అందరూ నవ్వారు, ఇక్కడ ఒక మనిషికి గాయమైంది. నేను మొదట తిట్టుకున్న అల్లరిని వాళ్లు మర్చిపోలేదు, దాచి ఉంచారు.

నిదానం | శనివారం, సాయంత్రం 4:20

(16, 17)

16లో ఆ గురువు చెప్పేది మా మాస్టారు చెప్పేదే. ముందు నిలబడటం నేర్చుకో, ఊపిరి నేర్చుకో, చెయ్యి తర్వాత కదులుతుంది. మొదటి ఆరు నెలలు నేనూ ఆంగ్‌లాగే సణిగాను.

17 చివర కూడా నాకిష్టం. గెలిచామని మనవాళ్లు సంబరపడుతుంటారు, అక్కడ పడిపోయిన బెలూను శత్రువుల చేతికి చిక్కుతుంది. గెలుపుకి కూడా ఖర్చు పెట్టడం మొదలైంది.

సగంలో_ఆపేవాడు | ఆదివారం, రాత్రి 10:10

అయిపోయింది. 20 పూర్తి.

18లో గొలుసు సంగతి తేలింది. కటారా అమ్మ గొలుసు, అంతకుముందు నానమ్మది, దాన్ని చెక్కింది ఆడవాళ్లకి యుద్ధవిద్య నేర్పనన్న ఆ ముసలి పకూయేనా! పెళ్లి కుదిరి, ఈ ఊరి కట్టుబాట్లు భరించలేక ఆవిడ వదిలేసి వెళ్లిపోయింది. ఆరో ఎపిసోడ్‌లో పోయిన గొలుసు ఇన్ని చేతులు మారి తిరిగొచ్చి ఇక్కడ తలుపు తెరిచింది. ఇద్దరు పిల్లల అమ్మగారికి దండం. నిదానం గారూ, ఆ పోరులో కటారా నడుం నుంచే కదులుతోంది, చూశాను.

యుద్ధం రెండు ఎపిసోడ్లూ ఊపిరి ఆడనివ్వలేదు. చంద్రుడు ఆరిపోయి లోకమంతా రంగు పోయి బూడిదగా మారడం చాలాసేపు కళ్లలో ఉండిపోయింది. ఒక ఫిర్యాదు ఉంది. ఉత్తర ధ్రువపు రాకుమారి యూయే త్యాగం నాకు అందాల్సినంత అందలేదు. ఆ అమ్మాయిని 18లోనే కదా చూశాం, మూడు ఎపిసోడ్లలో ప్రాణమిచ్చేసింది. ఏడవాల్సిన చోట సొక్కా కోసం బాధపడ్డానే తప్ప ఆ అమ్మాయి కోసం కాదు. ఆమెని కనీసం 14 దగ్గర నుంచి ఏదో రకంగా పరిచయం చేసి ఉండాల్సింది, లోయ ఎపిసోడ్‌కి పెట్టిన 23 నిమిషాలు ఇక్కడ వాడుకుని ఉంటే ఎంత బాగుండేది.

ఇక జూకో. ఓడని పేల్చి తనని చంపించబోయిన జావ్, సముద్రం లాక్కుపోతుంటే జూకో చెయ్యి చాపుతాడు. 3లో పడగొట్టి కాల్చకుండా వదిలేసిన మనిషికే. జావ్ ఆ చెయ్యి అందుకోడు. ఎవరూ ఏమీ చెప్పరు.

ఎదురుగాలి | ఆదివారం, రాత్రి 10:25

యూయే విషయంలో నూటికి నూరు పాళ్లు మీతోనే ఉన్నా. ఆ మాట ఇక్కడ అంటే ఇన్నాళ్లూ నన్ను తరిమారు.

ఇంతకీ నా మొదటి ప్రశ్న అలాగే ఉంది. మొదటి నాలుగు గంటలు సరిపెట్టుకోవడం తగినదేనా?

సగంలో_ఆపేవాడు | ఆదివారం, రాత్రి 10:40

మొదటి నాలుగు గంటలు బాగోలేవనే ఇప్పటికీ అంటాను. అనవసరం అని మాత్రం అనలేను. ఎవరైనా అడిగితే లోయ వదిలేయమంటా, పెంగ్విన్లని వదలొద్దంటా.

ఒక డౌటు. చివరి సీన్‌లో సింహాసనం ముందు తల ఎత్తి నవ్వే అమ్మాయి ఎవరు? ఇంతకుముందు ఎక్కడైనా కనిపించిందా? ఆ నవ్వు చూసినట్టే ఉంది.

పాతపెట్టె | ఆదివారం, రాత్రి 10:43

12 మళ్లీ పెట్టు. తండ్రి చెయ్యి ఎత్తినప్పుడు చూస్తున్న జనంలో చూడు. ఐరోని కాదు, నవ్వుతున్నవాళ్లని.

సగంలో_ఆపేవాడు | ఆదివారం, రాత్రి 11:02

పిడికిలి బిగించి నవ్వుతోంది. అప్పుడు చూసి కూడా చూడలేదు.

రెండో సీజన్ మొదటిది పెట్టేశా. రేపు మాట్లాడదాం.